కొండ దిగి వచ్చిన రక్తం

కాదండీ, “ఆమె చెప్పలేదు” అనే మాట దగ్గరే నాకు మండుతుంది. మీటింగులో అదే అన్నారు. తర్వాత క్యాంటీన్‌లో అదే అన్నారు. మొన్న పాత కొలీగ్ ఒకడు ఫోన్ చేసి, లోకంలో సంగతులన్నీ మాట్లాడి, చివరికి మళ్లీ అక్కడికే వచ్చాడు: “ఏదైనా ఆయమ్మ ముందే చెప్పుంటే మనకి ఇంత తిప్పలుండేది కాదు గదా.” ఫోన్ పెట్టేశాను. జ్వరం ఉందా అని అడిగాం, చెప్పింది. మాత్రలు ఏం వేసుకుంటున్నావని అడిగాం, చెప్పింది. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాం, లేదని చెప్పింది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని పట్టుకుని సిగరెట్లు తాగుతావా అని కూడా అడిగాం. నవ్వుకుంటూ దానికీ చెప్పింది. అడగనివాటికి కూడా జవాబులు చెప్తూ కూర్చోవాలంటే ఆమె మనిషా, రేడియోనా?

సరే, మొదటి నుంచి చెప్తాను. ముప్ఫై ఏళ్లు కూడా నిండకుండా ఉద్యోగ జ్ఞాపకాలు రాయడమేంటని మా ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఆ ప్రాజెక్టు ముగిసింది, నా కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో కూర్చున్నారు, కాబట్టి ఆ ఉద్యోగం నుంచి నేను రిటైరైనట్టే లెక్క. బయోకెమిస్ట్రీ చదివి ఇలాంటి ప్రాజెక్టుల్లో అసిస్టెంట్లుగా చేరబోయే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది పనికొస్తుందని రాస్తున్నాను. పనికిరాకపోతే కనీసం నవ్వొస్తుంది.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఉద్యోగానికి ముందు నేను తిరుపతి చూసిందల్లా కారు అద్దంలోంచి. రావడం, ఘాట్ రోడ్డు మీద కళ్లు మూసుకోవడం, పైన దర్శనం, మళ్లీ కారు. చేతిలో ఫోన్ లేకుండా తీసిన నా ఫొటో ఒక్కటి కూడా దొరకదు. కోపం సంగతి మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

తిరుపతిలో ఒక బోధనాసుపత్రిలో మా లాబ్. మా పని గ్లియా మీద. మెదడు అనగానే అందరికీ న్యూరాన్లే గుర్తొస్తాయి. ఆలోచన వాటిదే, జ్ఞాపకం వాటిదే, పేరూ వాటిదే. కానీ వాటి చుట్టూ ఇంకో పెద్ద జనాభా ఉంది, గ్లియల్ కణాలని. ఆ పేరు పెట్టినవాళ్లు జిగురు అనే అర్థంలో పెట్టారు, న్యూరాన్లని అతికించి ఉంచడం తప్ప వీటికి వేరే పనేం లేదనుకుని. మా సైకియాట్రిస్ట్ మేడమ్ కొత్తవాళ్లకి ఇలా చెప్పేవారు: “తిరుమలకి వచ్చినవాళ్ల కళ్లన్నీ గర్భగుడి మీదే ఉంటాయి. మరి క్యూలు నడిపేవాళ్లు, వంట చేసేవాళ్లు, నీళ్లిచ్చేవాళ్లు, ఊడ్చేవాళ్లు ఒక్క పూట పని మానేస్తే కొండ మీద ఏమవుతుంది?” గ్లియా అంటే ఆ సిబ్బంది. కొన్ని న్యూరాన్లకి తిండి అందిస్తాయి, కొన్ని వాటి తీగలకి తొడుగు వేస్తాయి, కొన్ని చెత్త ఊడుస్తాయి, అక్కర్లేని కనెక్షన్లు కత్తిరిస్తాయి.

స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్లకి లేని గొంతులు వినిపిస్తాయి. ఎవరో వెంటపడుతున్నారనిపిస్తుంది. ఉన్న మనుషుల్లోంచి మెల్లగా వెనక్కి జరిగిపోతారు. ఇన్నాళ్లూ నేరమంతా న్యూరాన్ల మీదే మోపారు. ఇప్పుడు చూపు ఈ సిబ్బంది మీదకి మళ్లింది. ఎదిగే వయసులో కత్తిరించాల్సినదానికంటే ఎక్కువ కత్తిరించారా? తొడుగు పల్చగా వేశారా? తిండి అందించడంలో తేడా చేశారా? అనుమానాలు గట్టివే, తీర్పు మాత్రం ఇంకా రాలేదు.

బతికున్న మనిషి తల తెరిచి చూడలేం కదా. అందుకని మేం రక్తంలో వెతికేవాళ్లం. ఆస్ట్రోసైట్లని ఒక రకం గ్లియల్ కణాలున్నాయి. వాటిలో ఎస్ హండ్రెడ్ బి అనే ప్రోటీన్ ఉంటుంది. ఆ కణాలు ఇబ్బందుల్లో పడితే అది రక్తంలోకి కారుతుందని లెక్క. పేషెంట్ల రక్తంలో ఎంత ఉంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎంత ఉంది అని పోల్చి చూడటమే మా ప్రాజెక్టు.

లాబ్ ప్రొఫెసర్ సార్‌ది. చిత్తూరు పక్క మనిషి. చురుకు ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ. ఒకే గదిలో ఆయనా నేనూ అంటే మీరే ఊహించుకోండి. రక్తం తీసేది టెక్నీషియన్ అన్న. సూది గుచ్చినట్టే తెలియనివ్వడు, నోరు మాత్రం ఆపుకోలేడు.

ఆమె చంద్రగిరి నుంచి వచ్చింది, వాళ్ల నాయనతో. బిడ్డ పుట్టిన రెండేళ్లకి జబ్బు బయటపడిందట. కుట్టుమిషన్ తొక్కితే అందులోంచి ఎవరో తిడుతున్నట్టు వినిపించేదట. వైద్యం కుదిరింది. ఏడాదికి పైగా గొంతుల్లేవు, మాత్రలు తప్పడం లేదు, మళ్లీ మిషన్ ఎక్కింది. భర్త చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నాలుగేళ్ల కూతురు మాత్రం జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ పలమనేరులో భర్త అక్క దగ్గర పెరుగుతోంది.

సూది చేతిలో ఉండగానే ఆమె ఇదంతా నాకు చెప్పింది. “బడి తెరిసేలోపల బిడ్డని నా కాడికి పంపిస్తామన్న్యారు మేడమ్. మా వదినే ఒప్పుకున్నాది.” తర్వాత నా చేతిలోకి తొంగిచూసి, “ఆ ఫోన్లో సిన్నపిల్లల గౌన్లు సూపిస్తావా? కొత్త మోడల్ కాలర్లు ఏముండాయో సూస్తా,” అంది. చూపించాను. ఒక కాలర్ దగ్గర ఆగి, “దీనికి బట్ట సాలా వేస్టయితాది,” అని తేల్చేసింది. వెళ్లేటప్పుడు కుర్చీలోంచి లేవడానికి వాళ్ల నాయన చెయ్యి పట్టుకుంది. నేను ఫోన్‌లో ఉన్నాను.

ఫలితాలు వచ్చిన రోజు మా లాబ్‌లో పండగ. ఆ ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే పరీక్ష పళ్లెంలో ఆ మనిషి రక్తం వేసిన చిన్న గుంటకి రంగు అంత చిక్కగా వస్తుంది. పేషెంట్ల గుంటలు వరసగా చిక్కగా ఉన్నాయి. ఆరోగ్యవంతులవి, అంటే మావీ విద్యార్థులవీ, పలచగా ఉన్నాయి. అన్నిటికంటే చిక్కటి గుంట చంద్రగిరి ఆమెది. మా కొలబద్ద పైకొస కూడా దాటిపోయింది. పలచన చేసి మళ్లీ చూశాం. మళ్లీ అదే.

“సూడు, సూడు!” ప్రొఫెసర్ సార్ కుర్చీ వెనక్కి తోసేశారు. “ఇన్నాళ్లకి గ్లియా నోరు తెరిసింది!”

సైకియాట్రిస్ట్ మేడమ్‌కి ఆ సంబరం అంటలేదు. “ఇంత ఎక్కువ తలకి దెబ్బ తగిలినవాళ్లలో చూస్తాం. మనిషి చూస్తే బాగానే ఉంది. ఎందుకైనా మంచిది, ఒక స్కాన్ చేయిద్దాం. జాగ్రత్త కోసమని నేను చెప్తాను. ఈ నంబర్ మాత్రం మన గది దాటకూడదు, ఇది పరిశోధన కోసం తీసింది,” అన్నారు.

ఆ గది దాటడానికి దానికి రెండు రోజులు కూడా పట్టలేదు. స్కాన్ అనేసరికి పలమనేరులో భయం మొదలైంది. టెక్నీషియన్ అన్నది కూడా పలమనేరే. ఆడపడుచు ఇంటివాళ్లు ఆయనకి ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున ఆమె నాయన నాకు చేశాడు.

“మేడమ్, ఒక మాట అడగతా, నిజం సెప్పల్ల. నా బిడ్డ తలకాయ లోపల కరిగిపోతా ఉండాదంట. నిజమేనా?”

“ఎవరన్నారు?”

“పలమనేరోళ్లు. మీ ఆస్పత్రి మనిసే సెప్పినాడంట. బిడ్డని పంపించం అంటా ఉండారు. బడి గూడా ఆడనే సూస్తా ఉండారు. నా కూతురు నిన్నట్నుంచి ముద్ద ముట్టల్యా.”

నాకు కళ్లు ఎర్రబడ్డాయి. మెట్లు రెండేసి దిగి టెక్నీషియన్ అన్న గదికి వెళ్లాను.

“అన్నా, ఏం చెప్పావ్ వాళ్లకి?”

“నేనేం సెప్పినా? అడిగినారు, సెప్పినా. మెదడు కణాలు దెబ్బతింటే వచ్చే ప్రోటీను, ఆయమ్మకి అందరికన్నా ఎక్కువుండాది అన్యా. అబద్దమా?”

“నిజమైతే మైకు పెట్టి చెప్తావా? మేడమ్ ఏం చెప్పారు నీకు?”

“అరవొద్దుమే, బయట పేషెంట్లుండారు.”

“నన్ను ‘మే’ అనొద్దు! వాళ్లు పాపని పంపడం లేదు, తెలుసా? స్కూల్ కూడా అక్కడే చూస్తున్నారు. ఆమె అన్నం మానేసింది.”

ఆయన చేతిలో దూది పక్కన పెట్టేశాడు. “బిడ్డని ఆపేస్తారని నేననుకోలేదబ్బా,” అన్నాడు. “ఊరోళ్లు గదా, కంగారు పడతా అడిగినారు...” ఇంకా తిడదామని వెళ్లినదాన్ని, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాను.

స్కాన్‌కి ముందు తలదెబ్బ గురించి ఇంకోసారి గట్టిగా కనుక్కోమని మేడమ్ నాకు చెప్పారు. ఆమెకి ఫోన్ చేశాను.

“మాకు రక్తం ఇచ్చే ముందు రోజుల్లో ఎక్కడైనా పడ్డారా? తల తగిలిందా?”

“లేదు మేడమ్.”

“గుర్తు తెచ్చుకోండి. బాత్రూంలో జారడం, తలుపు కొట్టుకోవడం, ఏదైనా?”

“తలకేం కాల్యా. నడుమే పట్టేసింది. మోకాళ్లు గూడా. ఆ పొద్దు మీ కుర్సీలో కూర్సోని లేసేదానికి నా పాణం పోయింది గదా.”

“నడుం ఎందుకు పట్టేసింది?”

“మెట్లకి పసుపు పెట్టినా గదా మేడమ్.”

“ఏ మెట్లకి?”

తిరుపతిలో ఉంటూ ఆ ప్రశ్న అడిగే మనిషి ఉంటుందని ఆమె అనుకుని ఉండదు.

“కొండ మెట్లకి. అలిపిరి కాడ్నించి పైదాకా. బిడ్డ నా కాడికొస్తే మెట్టు మెట్టుకీ వంగి పసుపూ కుంకం పెట్టుకుంటా ఎక్కుతానని మొక్కుకున్యా. పంపిస్తామన్న్యారు గదా, సంతోషంలో ముందే తీర్సేసినా. ఎక్కేదీ దిగేదీ నడిసేనని మొక్కు. రేత్రి పైన పండుకోని, పొద్దున్నే దిగి, అట్నే ఆటో ఎక్కి మీ కాడికొచ్చినాం. ఆస్పత్రి రోజు తప్పగూడదు గదా.” తర్వాత మెల్లగా అడిగింది. “ముందే తీర్సకూడదేమో గదా మేడమ్? అందుకే ఇట్లయిందా?”

నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. ఫోన్ కట్ చేసిన చోటే, ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. ఫోన్‌లో తల పెట్టుకుని ఉంటానని నన్ను తిట్టినవాళ్లందరికీ ఆ పూట అంకితం. చాలా దూరం పరుగెత్తినవాళ్లలో, ఒళ్లు హూనమయ్యేలా శ్రమ చేసినవాళ్లలో తలకి ఏమీ కాకపోయినా ఈ ప్రోటీన్ పెరుగుతుందని అప్పటికే గమనించినవాళ్లున్నారు. ఇది ఒక్క మెదడు సొత్తే కాదు. కొవ్వులో ఉంటుంది, కండరాల్లో ఉంటుంది, కీళ్ల దగ్గరి మృదులాస్థిలో ఉంటుంది. అంటే మోకాళ్లలో!

రంగు చిక్కగా వచ్చిన మిగతా పేషెంట్ల ఇళ్లకి ఫోన్లు చేశాను. పులికాట్ పక్క నుంచి ఒక కుర్రాడిని వాళ్ల అన్న తీసుకొచ్చేవాడు, చేపల పడవ వాళ్లు. “మీరు ఆసుపత్రికి వచ్చే ముందు కొండెక్కారా?” అని అడిగితే ఆయన నన్నే ఎదురు అడిగాడు. “తిరప్తి దాకా వచ్చి కొండెక్కకుండా పోతామా మేడమ్? ఊళ్లో ఏమనుకుంటారు?” కుప్పం నుంచి వచ్చే తల్లి కూడా అదే మాట. దూరం నుంచి వచ్చేవాళ్లు ఆసుపత్రి రోజునీ మొక్కునీ ఒకే ప్రయాణంలో కలిపేసుకుంటున్నారు. అందరూ కాదు గానీ, చాలామంది. ఆరోగ్యవంతులమైన మేమేమో లిఫ్టులో వచ్చి, ఏసీలో కూర్చుని, చెయ్యి చాపాం.

ప్రొఫెసర్ సార్ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్లాను.

“సార్, మన పేషెంట్లు కొండ దిగి నేరుగా మన దగ్గరికి వస్తున్నారు.”

“వస్తే?”

చెప్పాను. ఫోన్ చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

“ఫోన్లో సదివి నాకు బయోకెమిస్ట్రీ సెప్తావా?”

“ఫోన్లో ఉన్నా పేపర్ పేపరే సార్.”

“తరతరాలుగా జనం కొండెక్కతా ఉండారు. యాడన్నా సూసినావా, ఎవురికన్నా మెదడు సెడిపోయింది?”

“అదే కదా సార్ నేనూ అంటున్నది! చెడలేదు! ఆ నంబర్ మెదడుది కాదు, మోకాళ్లది!”

“ఒక్క మనిషి మాట పట్టుకోని...”

“ఆ ఒక్క మనిషికి బిడ్డని పంపడం లేదు సార్, మన నంబర్ వల్ల. మీకు మెదడు ఉంటే చాలు, దాని కింద మనిషి అక్కర్లేదు.”

“బయటికి పో,” అన్నారు. వెళ్లి బ్యాగు సర్దుకున్నాను. చార్జర్ కూడా చుట్టేశాను. మేడమ్ వరండాలో ఎదురై, సంగతి విని, నన్ను అక్కడే నిలబడమని లోపలికి వెళ్లారు. ఆవిడ అరవలేదు. తర్వాత తెలిసింది, ఒక్కటే అడిగారట: “సార్, మీరు చివరిసారి ఎప్పుడు నడిచి ఎక్కారు?”

ఆ సాయంత్రం నా ఫోన్‌కి ఆయన మెసేజ్ వచ్చింది. “అనుమతి రాగానే ఎక్కుతున్నాం. మంచి బూట్లు కొనుక్కో.”

మేం ఆరోగ్యవంతుల గుంపులో ముందే రక్తం ఇచ్చినవాళ్లమే. మళ్లీ ఇవ్వడానికి మేడమ్ కమిటీ అనుమతి తెచ్చారు. ఒక తెల్లవారుజామున అలిపిరి దగ్గర ప్రొఫెసర్ సార్, నేను చెరో గొట్టం నిండా రక్తం ఇచ్చి నడక మొదలుపెట్టాం. ఆయన చేతిలో పసుపు పొట్లం, నా చేతిలో కుంకుమ. “అవసరమా సార్? ఊరికే ఎక్కేస్తే చాలదా?” అన్నాను. “ఆయమ్మ ఎట్ల ఎక్కిందో అట్లే ఎక్కల్ల. పద్ధతి మార్సి ఫలితం అడిగితే అది సైన్సు కాదు,” అన్నారు. అప్పటికి ఆయన మీద సగం కోపం పోయింది. మిగతా సగం నా నడుం తీసేసింది.

మెట్టు మెట్టుకీ వంగడం అంటే ఏంటో మాటల్లో చెప్పలేను. కాసేపటికే వేళ్లకి పసుపు పట్టి ఫోన్ నా వేళ్లని గుర్తించడం మానేసింది. బ్యాగులో పడేశాను. మా పక్కనే ఒక ముసలావిడ, బాగా అలవాటున్న చెయ్యి, మాకంటే వేగంగా పెట్టుకుంటూ వస్తోంది. ప్రొఫెసర్ సార్‌ని జాలిగా చూసింది.

“ఏం నాయనా, ఉద్యోగం కోసరమా?”

“ఉద్యోగం ఉందమ్మా.”

“మరి బిడ్డ పెండ్లికా?”

“అదీ అయిపోయింది.”

“ఒళ్లు బాగుండాదా?”

“ఇంతవరకూ బాగుండాది.”

“మరింకేం కావాలప్పా నీకు?” అని నిలదీసింది. ఎంతోమంది విద్యార్థుల నోళ్లు మూయించిన ఆయన గబగబా తర్వాతి మెట్టు ఎక్కారు. పసుపు పెడుతూ తల వంచుకున్నారు.

గాలిగోపురం దాకా, అంటే సగానికి పైగా మెట్లకి, ఆయన అన్నీ పెట్టారు. ఆ తర్వాత పొట్లం నాకిచ్చి, గొడుగుని ఊతకర్రలా పట్టుకున్నారు. నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర ఇద్దరం చేతులు నేలకి ఆనించి ఎక్కాం. ఎక్కడం ఒక ఎత్తు, మర్నాడు దిగడం ఇంకో ఎత్తు. దిగేటప్పుడు తొడలు వణికిన వణుకు నాకు ఇప్పటికీ గుర్తుంది. కింద టెక్నీషియన్ అన్న పెట్టె తెరుచుకుని కూర్చున్నాడు. “రండి, రండి. పైన గ్లియా అంతా సేమమేనా?” అన్నాడు. నవ్వడానికి కూడా మాకు కడుపు నొప్పే.

ఆ గొట్టాలు, చంద్రగిరి ఆమె ఇంట్లో విశ్రాంతిగా ఉన్న రోజుల తర్వాత మళ్లీ ఇచ్చిన గొట్టం, అన్నీ ఒకే పళ్లెంలో పెట్టాం. ఏది ఎవరిదో తెలియకుండా మేడమ్ గుర్తులు వేశారు. రంగు వచ్చింది. చిక్కటి గుంట ఒకటి, కొంచెం చిక్కటిది ఒకటి, మిగతావి పలచన. గుర్తులు విప్పారు. చిక్కటిది ప్రొఫెసర్ సార్‌ది, దిగాక ఇచ్చింది. దాని తర్వాతది నాది. చంద్రగిరి ఆమెది మామూలు మనుషుల మధ్య ఎక్కడో, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంది. అంత అందమైన మామూలు నంబర్‌ని నేను జీవితంలో చూడలేదు. స్కాన్ కూడా శుభ్రంగా వచ్చింది.

ప్రొఫెసర్ సార్ పళ్లెం వైపు చాలాసేపు చూశారు. తన పెద్ద ఫలితం కళ్లముందే చిన్నదైపోతుంటే చూడటం తేలిక కాదు. చివరికి, “ఈ లెక్కన నా తలకాయ ఎప్పుడో కరిగిపోయుండాల,” అన్నారు.

మర్నాడే మేడమ్ గదిలో అందరూ కూర్చున్నారు. ఆమె, వాళ్ల నాయన, భర్త, పలమనేరు నుంచి వచ్చిన ఆడపడుచు, ఆవిడ ఒళ్లో పాప. పాప తల్లిని చూస్తోంది గానీ అత్త కొంగు వదలడం లేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కూర్చుంటే లేవలేను.

ఆడపడుచుని చూస్తే తిట్టాలనుకుని వచ్చాను. కానీ ఆవిడే ముందు మొదలుపెట్టింది. “నేను కన్నబిడ్డ లెక్కన సాకినా మేడమ్. ఈయమ్మ మీద నాకేం కోపం? లోపల ఏదో కరిగిపోతా ఉంటే, పసిబిడ్డని పొయ్యి కాడ, బాయి కాడ ఎట్ల ఇడిసిపెట్టాల? మీరైతే ఇడుస్తారా?”

మేడమ్ ఓపికగా చెప్పారు. జబ్బు ఉంది, మాత్రలు మానకూడదు, నిద్ర చెడినా గొంతులు మళ్లీ వినిపించినా వెంటనే రావాలి. కానీ ఆ నంబర్ మెదడుది కాదు, దాన్ని పట్టుకుని భయపడొద్దు.

“అప్పుడు ఎక్కువ అన్న్యారు. ఇప్పుడు తక్కువ అంటా ఉండారు. మాకేం తెలుస్తాది?” అంది ఆడపడుచు. న్యాయమైన మాటే. భర్త నేల చూపులు చూస్తున్నాడు. చంద్రగిరి ఆమె చేతులు చీర అంచుని మడతలు పెడుతూ, విప్పుతూ ఉన్నాయి.

అప్పుడు తలుపు తోసుకుని ప్రొఫెసర్ సార్ వచ్చారు. రమ్మని ఎవరూ పిలవలేదు. బల్ల పట్టుకుని, కుర్చీ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, ఆ లెక్క తీసింది నేనే. కొండెక్కి దిగినోళ్లకి అది పెరగతాది. నేనూ ఎక్కినా, నాకూ పెరిగింది. ఈయమ్మకి తలకాయ కరిగిందంటే నాకూ కరిగినట్టే. ఇంట్లో నా భార్య నన్ను లోపలికి రానిచ్చింది, కాఫీ గూడా ఇచ్చింది. తప్పు మాది. అడగాల్సింది మేం అడగల్యా.”

ఆడపడుచు ఆయన మోకాళ్ల వైపు చూసింది.

“నువ్వు గూడా మెట్లకి పసుపు పెట్టినావా సార్?”

“పెట్టినా.”

“అన్నిటికీ?”

ఆయన ఇబ్బందిగా నావైపు చూశారు. “గాలిగోపురం దాకా. తర్వాతవి ఈ పాప పెట్టింది.”

ముందు ఆడపడుచే నవ్వింది. తర్వాత చంద్రగిరి ఆమె నాయన. నవ్వు ఆగాక, అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని చంద్రగిరి ఆమె నోరు తెరిచింది. డాక్టర్లతో కాదు, ఆడపడుచుతో.

“వదినా, బిడ్డని ఒక్కదాన్నే పంపొద్దు. నువ్వు గూడా రా. కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉండు. నిన్ను ఇడిసిపెట్టి అది పండుకోదు గదా, ఏడస్తాది. నీ కళ్లతో నువ్వే సూసుకో. బాగుందనిపిస్తే పో, ల్యాకుంటే దాన్ని తీసకపో. నేనేం అన్ను.”

ఆడపడుచు ముఖం మీద కొంగు వేసుకుంది. మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను, అది ఆఫ్‌లో ఉంది.

ఆ పైవారమే పాప చంద్రగిరి వెళ్లింది, అత్తతో సహా. అత్త మూడో వారానికి పలమనేరు తిరిగి వెళ్లిపోయింది, ఒంటరిగా.

మా ప్రాజెక్టు సంగతంటారా? పేషెంట్లందరినీ మళ్లీ పిలిచి, విశ్రాంతి తర్వాత రక్తం తీశాం. “ఈ వారంలో కొండెక్కారా?” అనే ప్రశ్న మొదటి ప్రశ్న అయింది. రెండు గుంపుల మధ్య తేడా బాగా కుదించుకుపోయింది. కొంచెం మిగిలింది. మాత్రలతో బరువు పెరుగుతారు, కొవ్వులోనూ ఆ ప్రోటీన్ ఉంటుంది, కాబట్టి ఆ మిగిలినదాన్ని కూడా గట్టిగా పట్టుకోవద్దని మేడమ్ అన్నారు. గ్లియాకి ఈ జబ్బులో పాత్ర లేదని నేను అనడం లేదు. ఉందనే నమ్ముతాను. కానీ మెదడులో జరిగేది చేతి నరంలో చూడాలనుకున్నప్పుడు, మధ్యలో ఒక మనిషి మొత్తం ఉంటుంది. ఆమె నడుం, ఆమె మోకాళ్లు, ఆమె మొక్కు, అన్నీ ఆ గొట్టంలోకి వస్తాయి. మీరు చేరబోయే లాబ్ కొండ పక్కన లేకపోవచ్చు. పొలం పక్కన ఉంటుంది, బట్టల ఫ్యాక్టరీ పక్కన ఉంటుంది. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కడి నుంచి, ఏం చేసి, ఎలా వస్తున్నారో కనుక్కోండి.

ప్రొఫెసర్ సార్ నన్ను తీసేయలేదు. సదస్సులో తన ఫలితం ఎలా చిన్నదైందో ఆయనే లేచి చెప్పారు. నేను వచ్చేసే రోజు మాత్రం ఒక సలహా ఇచ్చారు. “కోపం తగ్గించుకో. ల్యాకుంటే నాలాగా తయారైతావు.” అది తిట్టో దీవెనో నాకు ఇప్పటికీ తేలలేదు.

హైదరాబాద్ వెళ్లిపోయే ముందు చంద్రగిరి వెళ్లాను. పాప మిషన్‌కి నూనె పోసే రంధ్రంలో నీళ్లు పోసేసింది. తల్లి నెత్తీ నోరూ కొట్టుకుని, మిషన్ విప్పి, గుడ్డతో తుడిచి, పాపని తిట్టి, అది ఏడిస్తే చంకనేసుకుని, అదే చేత్తో నాకు దోసె పెట్టింది. మధ్యలో పలమనేరు నుంచి ఆడపడుచు వీడియో కాల్ చేస్తే, “సూడు వదినా నీ కోడలు సేసిన నిర్వాకం,” అని మిషన్ చూపించింది. రాత్రి మాత్ర వేళకి అలారం పెట్టుకుంది. అది మోగకముందే వేసుకుంటుందట. ఆ ఇంట్లో కూర్చున్న కాసేపూ నాకు గుండెల మీద నుంచి ఏదో దించినట్టుంది. తిరుపతి బస్సెక్కాక కూడా ఆ తేలిక పోలేదు.

ఇంత చూశాక కూడా, ఆమె రక్తంలో ఏది ఎంతుందో తేలేదాకా ఆ పాపని ఆమె దగ్గర ఉంచకూడదనే వాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే, మీ రక్తం లెక్క కూడా తేలేదాకా ముందు మీ పిల్లల్ని పక్కింట్లో వదిలి, నా ముందు కూర్చుని, మీ చెయ్యి చాపుతారా?